నిస్వార్థ ప్రేమ – ఆజ్ఞ ఎవరికి? ఎఫెసీ 5:21-33పై మన వివాహ ప్రసంగములు: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

మన సంఘములలో వివాహ ఆరాధనకు ప్రసంగ పాఠమును వెదకుట కష్టమైన పని కాదు. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక అయిదవ అధ్యాయమో, మొదటి కొరింథీయులకు వ్రాసిన పత్రిక పదమూడవ అధ్యాయమో చదువుదుము. లోకప్రేమ స్వార్థముతో కూడినదనియు, క్రైస్తవ ప్రేమ నిస్వార్థమైనదనియు, దానికి గ్రీకు భాషలో "అగాపే" అని పేరు కలదనియు వధూవరులకు బోధింతుము. ఇంతవరకు అభ్యంతరము లేదు. అయితే బోధ ఉదాహరణలలోనికి దిగినప్పుడు ఒక మార్పు కనబడును. ఇంటిలో అందరికంటె ముందు లేవవలెను, అత్తమామల మాటకు ఎదురు చెప్పరాదు, భర్త కోపపడినను ఓర్చుకొనవలెను, ఇల్లు నిలుపునది స్త్రీయే అని చెప్పునప్పుడు మన ముఖము వధువు వైపు తిరిగియుండును. వరునికి "నీవు ఆమెను ప్రేమించుము" అని ఒక్క మాట చెప్పి ప్రార్థనతో ముగింతుము.

మేము కూడ అట్టి ప్రసంగములు చేసినవారమే. కొన్ని యేండ్ల క్రితము ఒక వివాహ విందులో, బంతిలో మాకెదురుగా కూర్చున్న ఒక పెద్దావిడ, "అయ్యగారూ, ప్రేమ ఇద్దరికీ అని చదివారు, చెప్పేటప్పుడు మాత్రం అమ్మాయి వైపే చూసి చెప్పారు" అనెను. మేము నవ్వి ఊరకుంటిమి. ఇంటికి వచ్చి ఆ పాఠమును గ్రీకు మూలముతో సరిపోల్చి మరల చదివినప్పుడు, ఆమె మాట మా ప్రసంగముకంటె వాక్యమునకు దగ్గరగా ఉన్నదని గ్రహించితిమి.

ఈ వ్యాసములో మేము చెప్పగోరునది ఒక్కటే. నిస్వార్థ ప్రేమ విశ్వాసులందరికిని చెందిన పిలుపే. కాని లేఖనములు దానిని మొదట అడుగునది హక్కును, అధికారమును చేత పట్టుకొనియున్న వానిని. మన బోధ ఆ క్రమమును తలక్రిందులు చేసినది. అది ఏలాగు జరిగెనో, దాని వలన మన కుటుంబములకు కలిగిన నష్టమేమో పరిశీలింతము.

1. "అగాపే" అను పదముపై మోపిన భారము

గ్రీకు భాషలో ప్రేమకు నాలుగు పదములు కలవను బోధ మన వేదికలపై తరచుగా వినబడును. ఎరోస్ శరీర సంబంధమైనది, ఫిలియా స్నేహ సంబంధమైనది, స్టోర్గే రక్త సంబంధమైనది, అగాపే దైవ సంబంధమైనది అని పట్టిక వేసి చెప్పుదుము. సి.ఎస్. లూయిస్ 1960లో "నాలుగు ప్రేమలు" అను గ్రంథమును ప్రచురించిన తరువాత ఇట్టి విభజనకు మరింత ప్రచారము కలిగినది. లూయిస్ ప్రేమల స్వభావములను వివరింపబూనెనే గాని నిఘంటువు వ్రాయలేదు. మనము ఆ వివరణను పదముల అర్థముగా మార్చితిమి.

లేఖనములలో ఆ పదముల వాడుక ఈ పట్టికకు లోబడదు. సెప్టువజింతు అను ప్రాచీన గ్రీకు అనువాదములో అమ్నోను తామారునందు పెట్టుకొనిన కోరికకు వాడబడిన క్రియ "అగపావో"యే (2 సమూ. 13:1). ఆమెను బలవంతము చేసిన తరువాత ఆ కోరిక ద్వేషముగా మారినప్పుడును, అంతకు ముందున్న దానిని "అగాపే" అనియే ఆ అనువాదము పిలుచుచున్నది (13:15). క్రొత్త నిబంధనలో పరిసయ్యులు సమాజమందిరములలో అగ్రపీఠములను కోరుటకును (లూకా 11:43), మనుష్యులు వెలుగుకంటె చీకటిని కోరుటకును (యోహాను 3:19), దేమా ఇహలోకమును కోరి పౌలును విడిచి వెళ్లుటకును (2 తిమోతి 4:10) ఇదే క్రియ. తమను ప్రేమించువారిని పాపులును ప్రేమింతురని ప్రభువు చెప్పినప్పుడును ఇదే మాట (లూకా 6:32). మరొక వైపున, తండ్రి కుమారుని ప్రేమించుచున్నాడని యోహాను సువార్త ఒక చోట "అగపావో"తోను (3:35), మరియొక చోట "ఫిలేయో"తోను (5:20) చెప్పుచున్నది.

జేమ్స్ బార్ 1961లో ప్రచురించిన బైబిలు భాషా అర్థవిచార గ్రంథములో ఇట్టి పొరపాటునే ఎత్తి చూపెను. వేదాంత భావము నివసించునది విడి పదములో కాదు, వాక్యములో అని ఆయన వాదము. ప్రేమను నిస్వార్థమైనదిగా చేయునది "అగాపే" అను శబ్దము కాదు. క్రీస్తు సంఘమును ప్రేమించి తన్నుతాను అప్పగించుకొనిన రీతిగా అని పౌలు చేర్చిన పోలికయే. మన తెలుగు బైబిలు యోహాను 21లో రెండు గ్రీకు క్రియలకును "ప్రేమించు" అను ఒకే మాట వాడినదని కొందరు విద్యార్థులు చింతించుట మేము వినియున్నాము. చింతింపనక్కరలేదు. ప్రేమ ఎట్టిదో తెలిసికొనుటకు మనము చూడవలసినది ప్రేమించువాడు ఏమి విడిచిపెట్టెను, ఎవరి కొరకు విడిచిపెట్టెను అను సంగతి.

ఇది పండితుల తగవు మాత్రమే కాదు. "అగాపే" తనంతట తానే పరిశుద్ధమైన పదమైనచో, వరుడు ఆ పదమును తలయూపి అంగీకరించుటతో అతని పని ముగియును. పోలికయే ముఖ్యమైనచో, అతని పని అప్పుడే మొదలగును.

2. నైగ్రెన్ సిద్ధాంతము కుటుంబములో నిలుచునా?

నిస్వార్థ ప్రేమను గూర్చిన ఆధునిక వేదాంత చర్చలో స్వీడను దేశపు లూథరన్ వేదాంతి ఆండర్స్ నైగ్రెన్‌కు ప్రముఖ స్థానము కలదు. "ఎరోస్ మరియు అగాపే" అను ఆయన గ్రంథము 1930లోను 1936లోను రెండు భాగములుగా వెలువడెను. ఆయన వాదము ప్రకారము ఎరోస్ తనకు లేని మేలును వెదకుచు పైకి ఎక్కును. అగాపే దేవుని యొద్దనుండి క్రిందికి దిగును. అవతలి వానిలో ఏ విలువయు చూడకయే అతనికి విలువను కలుగజేయును. కృపను గూర్చి ఇంత తేటగా చెప్పిన గ్రంథములు తక్కువ. అర్హత లేని పాపిని దేవుడు ప్రేమించెనను సువార్త సత్యమును నిలువబెట్టినందుకు మనము ఆయనకు ఋణస్థులము.

అయితే ఈ సిద్ధాంతమును యథాతథముగా వివాహములోనికి తెచ్చినప్పుడు రెండు చిక్కులు కలుగును. మొదటిది, అవతలి వ్యక్తిలో ఏమియు కోరని ప్రేమ భార్యాభర్తల మధ్య గౌరవము కాజాలదు. "నీలో నాకు ఇష్టమైనది ఏమియు లేదు, అయినను దేవుని కొరకు నిన్ను ప్రేమించుచున్నాను" అని భర్త చెప్పినచో ఏ భార్య సంతోషించును? పరమగీతముయొక్క గ్రీకు అనువాదములో వధువు ప్రేమచేత సొమ్మసిల్లినప్పుడు వాడబడిన మాట "అగాపే"యే (2:5). మరణమువలె బలమైనదని చెప్పబడినదియు అదే (8:6). ఎఫెసీ 5:27లో క్రీస్తు సంఘమును తన యెదుట మహిమగలదిగా నిలువబెట్టుకొనగోరుచున్నాడు. ఆయన ఆమెను కోరుచున్నాడు, ఆమెయందు ఆనందింపగోరుచున్నాడు. నిస్వార్థత అనగా కోరిక లేకుండుట కాదు. తన కోరిక నెరవేరుటకై అవతలి వ్యక్తిని మూల్యముగా చెల్లింపకుండుట.

రెండవది, స్వీకరించుటకు ఈ సిద్ధాంతములో చోటు తక్కువ. కుటుంబములో ఒకరు ఎల్లప్పుడు ఇచ్చుచు మరియొకరు ఎల్లప్పుడు పుచ్చుకొనుచుండిన యెడల, ఇచ్చువారు అరిగిపోవుదురు, పుచ్చుకొనువారు చెడిపోవుదురు. జీన్ ఔట్కా 1972లో అగాపేను గూర్చి వ్రాసిన నీతిశాస్త్ర గ్రంథములో దానిని ప్రతి మనుష్యునియెడల చూపవలసిన సమాన గౌరవముగా నిర్వచించెను. ప్రేమించువాడు తన్ను తాను కూడ దేవుడు విలువనిచ్చిన వ్యక్తిగా ఎంచుకొనవలెనని దాని భావము. పొరుగువానిని నీవలె ప్రేమింపుమను ఆజ్ఞలో "నీవలె" అను మాట ఊరక చేర్చబడలేదు. పౌలు సహితము భార్యను ప్రేమించువాడు తన్ను ప్రేమించుకొనుచున్నాడని వాదించుచున్నాడు (ఎఫెసీ 5:28).

3. ఎఫెసీ 5: ఆజ్ఞ ఎవరికి?

ఇప్పుడు పాఠమునకు వత్తము. ఈ భాగము 22వ వచనముతో మొదలగునని మన అలవాటు. కాని ఎఫెసీ పత్రికకు మనకు దొరికిన అతి ప్రాచీన వ్రాతప్రతులలో ఒకటైన పాపిరస్ 46లోను, వాటికన్ ప్రతిలోను 22వ వచనమునకు సొంత క్రియ లేదు. "లోబడుట" అను క్రియను ముందటి వచనమునుండి తెచ్చుకొనవలెను. ఆ ముందటి వచనములో లోబడవలసినది ఒకరికొకరు. భార్యలకు చెప్పబడినది సంఘమంతటికి చెప్పబడిన దానిలోని ఒక భాగమే. 21వ వచనమును విడిచి 22తో పఠనము ప్రారంభించుట క్రియ లేని వాక్యమును చదువుటయే.

రెండవ సంగతి, ఆ కాలపు గృహధర్మ బోధలతో పోల్చి చూడవలెను. అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథము మొదటి భాగములో గృహమును యజమాని-దాసుడు, భర్త-భార్య, తండ్రి-పిల్లలు అను మూడు జంటలుగా విభజించెను. ఆయన చర్చ అంతయు ఏలువాని పక్షమునుండి, ఏలుబడిని గూర్చి సాగును. పౌలు ఆ మూడు జంటలను తీసికొని రెండు మార్పులు చేసెను. భార్యలను, పిల్లలను, దాసులను నేరుగా, అదియు మొదట, సంబోధించెను. వారు వినగలవారు, నిర్ణయింపగలవారు అని దాని అర్థము. భర్తతో "ఏలుము" అని చెప్పవలసిన చోట "ప్రేమింపుము" అని చెప్పెను. భార్యను లోబరచుకొమ్మని క్రొత్త నిబంధనలో ఎక్కడను భర్తకు ఆజ్ఞ లేదు. లోబడుమను మాట ఆమెకు వ్రాయబడిన ఉత్తరము. దానిని భర్త విప్పి ఆమె ఎదుట చదువుట ఆయన పని కాదు.

మూడవది, పరిమాణము. భార్యలనుద్దేశించి మూడు వచనములు (22-24), చివరి వచనములో సగము. భర్తలనుద్దేశించి ఎనిమిదిన్నర వచనములు. "ప్రేమించు" అను క్రియ ఈ భాగములో ఆరు మారులు వచ్చినది. ఒక మారు కర్త క్రీస్తు. మిగిలిన అయిదు మారులును కర్త భర్తయే. భార్యను ప్రేమింపుమని ఈ భాగములో ఒక్కమారైనను చెప్పబడలేదు. ఆమెకు ప్రేమ అక్కరలేదని కాదు. క్రీస్తువలె ప్రేమగలిగి నడచుకొనుడని 5:2లో విశ్వాసులందరికిని చెప్పబడినది. యౌవనస్త్రీలు భర్తలను ప్రేమించువారై యుండవలెనని తీతు 2:4 చెప్పుచున్నది. అయినను, క్రీస్తు తన్నుతాను అప్పగించుకొనుటను 5:2లో అందరికిని మాదిరిగా చూపిన పౌలు, దానిని వివాహములో మరల ఎత్తినప్పుడు భర్త పేరున వ్రాసెను. మన ప్రసంగములలో ఆ వ్రాత చిరునామా మారిపోయినది.

"భర్త శిరస్సు గదా" అని అడుగవచ్చును. "కెఫాలే" అను పదము అధికారమును సూచించునా, ఆధారమును సూచించునా అను చర్చ పండితుల మధ్య ఇంకను కొనసాగుచున్నది. ఏ పక్షము వహించినను మా వాదము మారదు. శిరస్సు ఏమి చేయవలెనో 25వ వచనము చెప్పుచున్నది: తన్ను తాను అప్పగించుకొనవలెను. ఉన్నత స్థానమును విడిచిపెట్టుకొనని విడుపును కాదు, ఆ స్థానముననుండియే దిగివచ్చుటను అది అడుగుచున్నది. ఫిలిప్పీ 2:6-8లోని క్రీస్తు దేవునితో సమానత్వము కలవాడై తన్ను తాను రిక్తునిగా చేసికొనెను. కొరింథీయులకు ప్రేమను గూర్చి వ్రాయుటకు ముందు పౌలు తొమ్మిదవ అధ్యాయమంతయు తనకున్న హక్కులను లెక్కించి, వాటిని వాడుకొనలేదని చెప్పుచున్నాడు. ప్రేమ తన ప్రయోజనమును వెదకదను మాట (13:5) అక్కడ పుట్టినది. అది వివాహము కొరకు కాదు, బలవంతులు బలహీనులను లెక్కచేయక భుజించుచున్న సంఘమునకు వ్రాయబడినది (11:21).

సా.శ. నాలుగవ శతాబ్దపు అంతమున యోహాను క్రిసోస్తొము ఎఫెసీ పత్రికపై చేసిన ఇరువదియవ ప్రసంగములో ఇదే విషయమును ఎత్తెను. ఆయన భార్య విధేయతను కాదనలేదు. కాని దాసుని భయముతో కట్టివేయవచ్చునేమో గాని జీవిత భాగస్వామిని బెదిరింపులతో కాదు, ప్రేమతోనే కట్టవలెనని భర్తలను గద్దించెను. పదహారు వందల యేండ్ల క్రితమే వేదిక వరుని వైపు తిరిగినది.

4. కడుగుట, పోషించుట, సంరక్షించుట

భర్త చేయవలసిన ప్రేమను వర్ణించుటకు పౌలు ఎన్నుకొనిన క్రియలను మన వ్యాఖ్యానములు తరచు దాటిపోవును. 26-27 వచనములలో క్రీస్తు సంఘమును నీటితో కడుగుచున్నాడు, మరకయు ముడుతయు లేకుండ చేయుచున్నాడు. 29వ వచనములో తన శరీరమును ఒకడు పోషించి సంరక్షించునట్లు ఆయన సంఘమును చూచుకొనుచున్నాడు. కడుగుటలో బాప్తిస్మపు ఛాయ కలదు, నిజమే. అయినను మరక, ముడుత అనునవి బట్టలకు సంబంధించిన మాటలు. పోషించుట, సంరక్షించుట ఇంటి పనులు.

ఆ రెండు క్రియలు గమనింపదగినవి. "ఎక్ట్రెఫో" అను క్రియ క్రొత్త నిబంధనలో రెండు మారులే వచ్చినది: ఇక్కడను, తండ్రులు పిల్లలను పెంచుటను గూర్చి 6:4లోను. "థల్పో", అనగా వెచ్చగా పొదివి కాపాడుట, అదియు రెండు మారులే: ఇక్కడను, పాలిచ్చు స్త్రీ తన బిడ్డలను చూచుకొనుటను గూర్చి 1 థెస్స. 2:7లోను. ప్రాచీన లోకములో స్త్రీల చేతి పనిగా ఎంచబడిన పనులను తీసికొని పౌలు భర్త చేతిలో పెట్టుచున్నాడు.

మన ఇండ్ల సంగతి ఏమి? అందరు భుజించిన తరువాత గిన్నెలో మిగిలిన దానిని తినునది ఎవరు? జ్వరము వచ్చినను పొయ్యి ముట్టించునది ఎవరు? ఆమె చేయుచున్న దానిని మనము త్యాగమని పొగడి, మాతృదినమున పాట పాడి, మరునాడు మరల ఆమెకే విడిచిపెట్టుదుము. నిస్వార్థ ప్రేమను ఇప్పటికే అభ్యసించుచున్న వ్యక్తికి దానినే మరల బోధించుట, అభ్యసింపని వానిని విడిచిపెట్టుట వాక్య పరిచర్య కాదు. ఎఫెసీ 5ను విశ్వసించు భర్త తన ప్రేమను రుజువు చేయుటకు సిలువ మ్రాను కొరకు వెదకనక్కరలేదు. అంట్ల తొట్టి, బట్టల బకెట్టు, రాత్రి ఏడ్చు బిడ్డ అతని యింటనే కలవు.

కట్నము సంగతియు ఇక్కడనే చెప్పవలెను. వరకట్న నిషేధ చట్టము 1961లోనే వచ్చినను, లాంఛనములను పేరుతో బేరము మన విశ్వాసుల ఇండ్లలో ఆగలేదు. క్రీస్తు తన పెండ్లికుమార్తె కొరకు వెల చెల్లించెను. ఆమె యొద్ద వెల పుచ్చుకొనలేదు. వెల పుచ్చుకొని పీటలపై కూర్చున్న వరుని ఎదుట ఆ అధ్యాయమును చదివి, ఆ సంగతి ఎత్తకుండ ముగించు కాపరి పాఠములో సగము దాచినవాడగును.

5. త్యాగము వేరు, బలవంతము వేరు

ప్రభువు తన ప్రాణమును గూర్చి, దానిని ఎవడును తనయొద్ద తీసికొనడనియు, తానే దానిని పెట్టుచున్నాననియు చెప్పెను (యోహాను 10:18). నిస్వార్థ ప్రేమకు ఇది గీటురాయి. విడుచుటకు స్వేచ్ఛ కలిగినవాడు విడుచుటయే త్యాగము. కాదని చెప్పు స్వేచ్ఛ లేని వ్యక్తి యొద్దనుండి లాగుకొనబడినది త్యాగము కాదు, నష్టము. దానికి సిలువ పేరు పెట్టుట సిలువకే అవమానము.

వాలెరీ సేవింగ్ 1960లో వ్రాసిన ఒక వ్యాసములో వేదాంతులకు ఒక ప్రశ్న వేసెను. పాపమనగా గర్వము, ప్రేమయనగా తన్ను తాను విడిచిపెట్టుకొనుట అని చెప్పువారు పురుషుల అనుభవమునుండి మాటలాడుచున్నారనియు, అనేక స్త్రీల శోధన గర్వము కాదు, తమకంటు ఒక వ్యక్తిత్వమే లేకుండ కరగిపోవుట అనియు ఆమె వాదించెను. ఆమె నిర్ణయములన్నిటిని మేము అంగీకరింపము. స్వార్థము పురుషునికి మాత్రమే చెందిన పాపము కాదు. కోడలిని బాధించు అత్తయు స్త్రీయే. పైగా, త్యాగ బోధనే విడిచి వివాహమును ఇరువురి హక్కుల ఒప్పందముగా మాత్రమే చూడవలెనను వారి మార్గము సువార్త మార్గము కాదు. అయినను ఒకే మందును భిన్నమైన రోగములకు ఇచ్చుచున్నామా అను ఆమె ప్రశ్నను కాపరులమైన మనము తప్పించుకొనలేము.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత (2019-21) ప్రకారము, మన దేశములో 18-49 ఏండ్ల వయస్సుగల, వివాహమైన స్త్రీలలో సుమారు 29 శాతము మంది భర్త హింసకు ఎప్పుడో ఒకప్పుడు గురియైనవారే. మన సంఘము ఈ లెక్కకు వెలుపల ఉన్నదని చెప్పుటకు ఏ ఆధారమును లేదు. అట్టి స్త్రీ కాపరి యొద్దకు వచ్చినప్పుడు మనము చూపు వచనము 1 కొరింథీ 13:7; ప్రేమ అన్నిటిని ఓర్చుకొనునని చెప్పి, ప్రార్థించి, ఇంటికి పంపుదుము. ఏడవ వచనమునకు ముందు ఆరవ వచనము కలదు. ప్రేమ దుర్నీతియందు సంతోషింపక సత్యముతో కలిసి సంతోషించునని అక్కడ పౌలు చెప్పుచున్నాడు. దెబ్బలను దాచిపెట్టుట సత్యముతో కలిసి సంతోషించుట కాదు. భార్యను గౌరవింపని భర్త ప్రార్థనలకు అభ్యంతరము కలుగునని పేతురు హెచ్చరించుచున్నాడు (1 పేతురు 3:7). ఆ భర్తను పిలిచి ఆ వచనమును చూపిన కాపరులు మనలో ఎందరు?

ఈ విషయములో దేశ చట్టము కొన్ని మారులు సంఘముకంటె ముందు నడచినదని ఒప్పుకొనవలెను. 1869 నాటి విడాకుల చట్టము ప్రకారము క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచారమొక్కటియే కారణముగా చాలెను. భార్యకు అది చాలలేదు, దానితోపాటు క్రూరత్వమో విడిచిపెట్టుటయో వంటి మరియొక నేరమును కూడ చూపవలసివచ్చెను. ఈ భేదము 2001 సవరణతోనే తొలగినది. గృహహింసనుండి స్త్రీలకు రక్షణ కల్పించు చట్టము 2005లో వచ్చి 2006 అక్టోబరులో అమలైనది. విడాకులను ప్రోత్సహించుట మా ఉద్దేశము కాదు. ప్రాణాపాయములో ఉన్న సహోదరికి ఆ చట్టము చూపు ఆశ్రయమును చెప్పకుండుట విశ్వాసము కాదని మాత్రమే చెప్పుచున్నాము.

6. తలిదండ్రుల త్యాగము, కాపరి యిల్లు

భర్తకు వర్తించిన సూత్రమే తలిదండ్రులకును వర్తించును. పిల్లలు తలిదండ్రుల కొరకు కాదు, తలిదండ్రులే పిల్లల కొరకు కూర్చవలెనని పౌలు ఒక ఉపమానముగా చెప్పుచున్నాడు (2 కొరింథీ 12:14). మన తలిదండ్రులు పొలము అమ్మియైనను పిల్లలను చదివింతురు. ఇది గొప్ప సంగతి. అయితే కుమారుడు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడిన తరువాత "నీ కోసం ఇంత చేశాం" అను లెక్క బయటికి వచ్చును. ఆ లెక్క కొన్ని మారులు కుమారుని వివాహమున కట్నపు రూపములో, కోడలి పుట్టినింటివారి యొద్ద వసూలగును. లెక్క వ్రాసికొనిన త్యాగము అప్పు. పిల్లలకు కోపము రేపవద్దని, వారు క్రుంగిపోవుదురని తండ్రులకు చెప్పబడిన మాట (కొలస్సీ 3:21) ఇట్టి భారమును గూర్చి కూడ హెచ్చరించుచున్నదని మా అభిప్రాయము. వృద్ధులైన తలిదండ్రులను పోషించుట పిల్లల ధర్మమే (1 తిమోతి 5:4). అయితే అది కృతజ్ఞతగా ఇయ్యవలసినది, వడ్డీగా వసూలు చేయవలసినది కాదు.

చివరిగా మన యింటి సంగతి. "పరిచర్య కొరకు కుటుంబమును త్యాగము చేసితిని" అని సాక్ష్యము చెప్పు దైవజనులు మనలో కలరు. ఆ త్యాగము ఎవరు చేసిరి? వేళకాని వేళ వచ్చిన అతిథులకు వండి పెట్టినది అమ్మగారు. స్త్రీల సమాజమును, ఆదివారపు బడిని జీతము లేక నడిపినది ఆమె. తండ్రి ముఖము చూడకుండ పెరిగినవారు పిల్లలు. ఇతరుల భాగమును బలిపీఠముపై పెట్టి మన పేరున అర్పించితిమా అని పరీక్షించుకొనవలెను. తక్కిన అపొస్తలులు భార్యలను వెంటబెట్టుకొని తిరిగిరని పౌలు జ్ఞాపకము చేయుచున్నాడు (1 కొరింథీ 9:5). తన యింటిని చక్కగా చూచుకొనలేనివాడు దేవుని సంఘమును ఏలాగు పాలించునను ప్రశ్న (1 తిమోతి 3:5) మన పిల్లల క్రమశిక్షణను గూర్చి మాత్రమే కాదు, మన హాజరును గూర్చి కూడ.

ముగింపు

ఈ పరిశీలన ఆధారముగా తోటి కాపరులకును వేదాంత విద్యార్థులకును నాలుగు సంగతులు మనవి చేయుచున్నాము. మొదటిది, వివాహ ఆరాధనలో ఈ పాఠమును 5:21నుండి చదువుదము; వీలైనచో 5:1-2ను కూడ చేర్చుదము. రెండవది, "అగాపే" అను పదమును వివరించుటకు వెచ్చించు సమయమును కడుగుట, పోషించుట, సంరక్షించుట అను క్రియలకు ఇత్తము. మూడవది, వివాహమునకు ముందు ఇచ్చు ఆలోచన కూటములలో వరునితో వేరుగా కూర్చుండి, కట్నమును గూర్చి, కోపమును గూర్చి, ఇంటి పనిని గూర్చి సూటిగా అడుగుదము. నాలుగవది, హింసకు గురియైన సహోదరి వచ్చినప్పుడు ఓర్పు వచనముతో కాక, ఆమె క్షేమముతో మాట ప్రారంభింతము.

స్త్రీల త్యాగమును మేము తక్కువ చేయలేదు. మనలో అనేకులు నేడు విశ్వాసములో ఉన్నామంటే తల్లుల, నాయనమ్మల, అమ్మమ్మల ప్రేమయే కారణము. వారి ప్రేమ క్రీస్తును పోలినది. అయితే వారు మోసినది వారి వంతు మాత్రమే కాదు, మన వంతు కూడ. దానిని మరల మన భుజములపైకి తీసికొనుటయే ఎఫెసీ 5 పురుషులను అడుగుచున్నది.

ఆ పెద్దావిడను మేము మరల కలిసికొనలేదు. కాని ఇప్పుడు వివాహ ప్రసంగమునకు లేచినప్పుడెల్ల, వాక్యము ఎవరి పేరున వ్రాయబడినదో చూచుకొని, మొదట ఆ వైపు తిరుగుచున్నాము.